చింతపండు పక్కన ఆరో అంతస్తు

లింగంపల్లి,
5 సెప్టెంబర్ 2011, సోమవారం.

అన్నా,

నువ్వూ నీలమ్మ వదినా బాగున్నారని పక్కింటి సక్కుబాయి అక్క చెప్పింది. కాబట్టి ఆ ప్రశ్న దాటేసి సంగతికి వస్తున్నాను.

పుస్తకం నిండింది. ఇది ఏడోది. సక్కుబాయి అక్క వికారాబాద్ పుట్టింటికి వస్తుంటే ఆమె చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఎప్పటిలాగే ఊడిన అట్ట కుట్టి, మిగతా ఆరింటి పక్కన నీ పెట్టెలో పెట్టు. కొత్తది కుట్టి పంపు. ఈసారి నల్ల రెక్సిన్ వద్దు. నా పుస్తకం తన క్యాబ్ సీటులాగే ఉందని మీ బావ స్వామి ఒకటే ఎగతాళి. ఎర్రది దొరికితే చూడు.

ఉద్యోగంలో చేరిన రోజు నువ్వు మొదటి పుస్తకం ఇస్తూ చెప్పింది నాకింకా గుర్తే. ఇల్లయినా కొలువయినా అన్నీ ఒక్క దాంట్లోనే రాయాలి, పైన తారీఖు వేయాలి, అయిన పని మీద ఒక్కటే గీత, కాని పనిని మళ్లీ చేత్తో రాసి పక్క పేజీకి తెచ్చుకోవాలి, కాగితం మాత్రం చింపకూడదు. బాలానగర్ షెడ్డులో పెంటయ్య మేస్త్రి కొలతలు సిగరెట్ డబ్బాల మీద రాసి, ఆ డబ్బా పోయి, నలభై ఇనుప ముక్కలు తప్పుగా కోసి నిన్ను తిట్టించిన కథ కూడా గుర్తుంది. పోయినేడు మా పాప హర్షిణికి కూడా చెప్పాను.

ఇప్పుడు అసలు మాట. పుస్తకంలో ప్రతి సోమవారం 'అన్న చెవి' అని కనబడుతుంది. నవ్వకు. మూడేళ్లుగా ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి తెచ్చుకుంటున్నాను. మాదాపూర్‌లో మా బిల్డింగ్ కింది హాల్లో అక్టోబర్ 15 శనివారం చెవుల డాక్టర్లు వస్తున్నారు. బిల్డింగ్‌లో పనిచేసేవాళ్ల ఇంటి మనుషులకు పరీక్ష చేసి, పనికొస్తుందనిపిస్తే వినబడే మిషన్ అప్పుడే చెవికి పెట్టి పంపుతారు. పైసా ఇవ్వక్కర్లేదు. పనిచేసే మనిషి ఐడీ కార్డు మెడలో వేసుకుని పక్కనే ఉండాలి, అంతే. ఒక్క రోజే. నువ్వు రావాలి.

వదిన ఫోన్ పగిలిందట. నీకు మెసేజ్ పెడితే తెలుగు అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలుగా వస్తాయి. అందుకే ఉత్తరాలనే నమ్ముకున్నాను. ఆఫీసు సంగతులు తర్వాత తీరిగ్గా రాస్తాను.

నీ చెల్లె,
కళ్యాణి


వికారాబాద్,
16 సెప్టెంబర్ 2011.

చెల్లే,

పుస్తకం అందింది. అట్ట కుట్టాను. వెనక దారం తెగిపోయేదాకా వాడావు, సంతోషం. ఎర్ర రెక్సిన్ కూడా దొరికింది. ఏదో పెళ్లి బ్యాండు వాళ్ల టోపీలకు తెచ్చిందట, మిగిలింది.

కుట్టే ముందు ఎప్పటిలాగే మొదటి నుంచి చివరిదాకా చదివాను. జూన్ రెండో వారం దాకా ఆరో అంతస్తు ఉంది, ఫినాయిలు ఉంది, పోచమ్మ సెలవు ఉంది, లిఫ్టు అద్దాలు ఉన్నాయి. ఆ తర్వాత ఒక్క అంతస్తు కూడా లేదు. చింతపండు ఉంది, హర్షిణి బూట్లు ఉన్నాయి, గ్యాస్ బండ ఉంది, నా చెవి ఉంది. ఆఫీసు మాత్రం లేదు. పైగా ఆఫీసు సంగతులు తర్వాత రాస్తానన్నావు.

ఉద్యోగం పోయి మూడు నెలలయిందని అన్నకు చెప్పడానికి ఇంత చుట్టు తిరగాలా? చెవులు పోయాయి గానీ కళ్లు బాగానే ఉన్నాయి.

అందుకే నేను రాను. క్యాంపు అక్కడ పనిచేసేవాళ్లకని నువ్వే రాశావు. మెడలో కార్డు లేకుండా గేటు దగ్గర నువ్వు ఎవరినో బతిమాలుతుంటే నేను చూడలేను. వినబడకపోవడం నాకు అలవాటే. అది చూడటం అలవాటు లేదు. ఆ 'అన్న చెవి' మీద గీత కొట్టెయ్యి.

మొన్న మంగళవారం తెలంగాణ కోసం సమ్మె మొదలైంది కదా. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. మా షెడ్డు యజమాని గోవిందప్ప, నేను వెళ్లి ఉల్లిగడ్డలు తరిగి వచ్చాం. నినాదాలు నాకు వినబడవు. డప్పు మాత్రం ఛాతీలో తెలుస్తుంది. దానికి చెవులతో పని లేదు.

వదినకు నీ ఉద్యోగం సంగతి చెప్పలేదు. ఫికర్ పడుతుంది.

మీ అన్న,
వీరేశం


లింగంపల్లి,
23 సెప్టెంబర్ 2011.

అన్నా,

నీ దగ్గర నుంచి జాబు లేదు. బస్సులు లేక ఉత్తరాలు ఆగాయో, నువ్వే ఆగావో తెలియదు. నాకు రెండోదే అనిపిస్తోంది. పుస్తకం చదివి ఉంటావు. నా తప్పు పట్టుకుని ఉంటావు. కోపం వచ్చి ఉంటుంది. కొట్టే ముందే ఒప్పుకుంటే దెబ్బ తక్కువ పడుతుంది కదా, చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన విద్య అదే. ఒప్పుకుంటున్నాను.

జూన్‌లో మాకు కొత్త మేనేజర్ వచ్చాడు. శ్రీనివాసరావు సార్. అటు ఏలూరు వైపు. మంచివాడే, బట్టలు మడత నలగకుండా, బల్ల చెదరకుండా ఉంచుకునే రకం. ఒకరోజు నా పుస్తకం తెరిచి చూసి, "ఇదేంటండీ కళ్యాణి గారూ, ఆరో అంతస్తు గ్లాసు క్లీనింగ్ పక్కన అరకిలో చింతపండు అని రాశారేంటండీ? పెద్ద సార్లు చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. మర్నాడు బంగారు అంచులున్న డైరీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆఫీసుది అందులో, ఇంటిది ఇంట్లో అన్నాడు.

నాకు సిగ్గనిపించింది అన్నా. నువ్వు కుట్టిన పుస్తకాన్ని చూసి సిగ్గుపడ్డాను. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు ఇంకా ఎక్కువ సిగ్గుగా ఉంది. అప్పటి నుంచి ఆఫీసంతా డైరీలో, ఇల్లంతా నీ పుస్తకంలో రాస్తూ వచ్చాను. నీకు చెప్పే ధైర్యం లేక 'తర్వాత రాస్తాను' అని తప్పించుకున్నాను.

ఇక్కడ బస్సులు పూర్తిగా బంద్. ఎంఎంటీఎస్ రైలు ఎప్పుడు వస్తుందో తెలియదు, వస్తే కాలు పెట్టే సందు ఉండదు. నేను, మా ఆఫీసు పోచమ్మ, ఇంకో నలుగురు పొద్దున్నే లింగంపల్లి నుంచి నడిచి వెళ్తున్నాం. సామాను వ్యాను కూడా రాకపోయేసరికి చీపుర్లు మేమే కొని భుజాన వేసుకుని పోతున్నాం. కొండాపూర్ దగ్గర రోడ్డు మీద సమ్మెవాళ్లు వంట చేస్తూ "అక్కా, గా చీపుర్లు గట్టిగ పట్టుకోండ్రి, రేపు ఢిల్లీ దాంక ఊడ్వాలె" అన్నారు. పోచమ్మ ఊరుకుంటుందా? "ముందుగాల మీ పొయ్యికాడ ఊడ్సుకోండ్రి, గంత బూడిదేంది" అంది. అందరం నవ్వుకున్నాం.

కోపంగా ఉంటే తిట్టు. తిట్టయినా రాయి. పదిహేనున మాత్రం రా.

నీ చెల్లె,
కళ్యాణి


వికారాబాద్,
1 అక్టోబర్ 2011.

చెల్లే,

నా ఉత్తరానికి జవాబు రాలేదు. చెప్పలేక మానేశావనుకుంటున్నాను.

బతుకమ్మకని సక్కుబాయి మళ్లీ వచ్చింది. నిన్ను చూసిందా అని అడిగాను. ఆమె మాట నాకు వినబడదు కాబట్టి చేతులతో చెప్పింది. భుజం మీద చీపురు, తర్వాత రెండు వేళ్లతో నడక, తర్వాత నుదుటి చెమట తుడుచుకుంది. అర్థమైంది. ఆరు అంతస్తుల సూపర్‌వైజరువి, ఇప్పుడు రోడ్లు ఊడుస్తున్నావు.

రోడ్డు ఊడవడం తప్పు కాదు. నాకు చెప్పకపోవడం తప్పు. గోవిందప్పతో మాట్లాడాను. సమ్మె అయిపోయాక ఆయన వ్యాను నడపడానికి మనిషి కావాలట. స్వామి బావకు ఇష్టమైతే ముగ్గురూ ఇక్కడికే రండి. ఇంట్లో ఒక గది ఖాళీ చేసి, వదిన సున్నం కూడా వేసింది. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఇంకొక మాట. నీ చదువు కోసం షెడ్డులో రేకులు కొట్టే ప్రెస్సు మిషన్ మీద డబుల్ డ్యూటీ చేసి నా చెవులు పోగొట్టుకున్నానని నువ్వు లోపల పెట్టుకున్నావు. మూడేళ్లు ఒకే మాట సోమవారం సోమవారం రాస్తే నాకు తెలియదా? పదహారేళ్లప్పుడు ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. ఆ మిషన్ చప్పుడంటే నాకు ఇష్టంగా ఉండేది. నువ్వు పది పాసయిన రోజు షెడ్డులో అందరికీ మిర్చి బజ్జీలు పంచాను. ఇందులో నీ తప్పు ఏమీ లేదు. గీత కొట్టెయ్యమంటే కొట్టెయ్యి.

మీ అన్న,
వీరేశం


లింగంపల్లి,
8 అక్టోబర్ 2011.

అన్నా,

దసరా అయిన మర్నాడు నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. మొదటిది చదివి నవ్వాను. రెండోది చదివి ఏడ్చాను. తర్వాత రెండూ కలిపి మీ బావకు చదివి వినిపించాను. "మీ అన్నకు సున్నం పైసలు నేనిస్త గని, నా క్యాబ్ జోలికి రావొద్దని రాయి" అన్నాడు.

నా ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. కార్డు నా మెడలోనే ఉంది. నేను రోడ్డు ఊడవడం లేదు, రోడ్డు మీద నడుస్తున్నాను. చీపుర్లు ఆఫీసువి. సంగతంతా నా సెప్టెంబర్ ఉత్తరంలో ఉంది. ఈపాటికి అందిందో, ఏ సంచిలో ఇరుక్కుందో. మేనేజర్ డైరీ ఇచ్చాడు, నేను ఇల్లు ఒక దాంట్లో, కొలువు ఒక దాంట్లో రాశాను. నీ మాట తప్పాను. జరిగింది ఇంతే.

కానీ ఆ తప్పు ఇప్పుడు నా మెడకే చుట్టుకుంది. క్యాంపు తారీఖు నీ పుస్తకంలో రాశాను, ఆ పుస్తకం నీకు పంపించాను. నిన్న సార్ "పదిహేనో తారీఖు ఖాళీయేనా అండీ?" అంటే బంగారు డైరీ తీసి చూశాను. ఆ పేజీ తెల్లగా ఉంది. "ఖాళీయే సార్" అన్నాను. బెంగళూరు నుంచి పెద్ద సార్లు వస్తున్నారట. పొద్దున తొమ్మిది నుంచి అంతస్తు అంతస్తూ నేనే దగ్గరుండి చూపించాలట. క్యాంపు కూడా ఆ తొమ్మిదికే. ఇంటికొచ్చి నీ ఉత్తరాలు విప్పాక గానీ గుర్తు రాలేదు. అంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది, మూడేళ్లు రాసిన మాట ఒక్క నిమిషం మరిచిపోయాను.

సోమవారం సార్‌కు చెబుతాను. ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోయినా నేను నీ పక్కనే ఉంటాను. అప్పుడు నువ్వు రాసిందే నిజమైతే అవుతుంది, వదిన సున్నం వేసిన గది ఉంది కదా.

ఆ రోజు రైళ్లు కూడా ఆపుతారంటున్నారు. ఎలా వస్తావో తెలియదు. నువ్వు రాకపోతే మళ్లీ క్యాంపు ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో. అన్నా, నీకోసం కాదు, నాకోసం రా.

నీ చెల్లె,
కళ్యాణి


వికారాబాద్,
13 అక్టోబర్ 2011.

చెల్లే,

ఈ చీటీ లింగంపల్లి మార్కెట్‌కు టమాటాలు తెచ్చే డీసీఎం వ్యాను డ్రైవర్‌తో పంపుతున్నాను. అక్కడ కూరగాయలమ్మే రత్నమ్మ మీ ఇంటికి చేరుస్తుంది. ఈ దారి ముందే తట్టి ఉంటే ఇంత పరేషాన్ ఉండేది కాదు.

నీ సెప్టెంబర్ ఉత్తరమూ, మొన్నటిదీ ఒకేరోజు వచ్చాయి. మీ వదినకు అంతా చెప్పాను. గది ఎందుకు ఖాళీ చేయించానో తెలిసి నన్ను బాగానే తిట్టింది, పెదవులు చాలాసేపు ఆడాయి.

నీ పుస్తకంలో కనబడని దాన్ని నేనే ఊహించి రాసుకున్నాను. అది నా తప్పు. శనివారం తెల్లారి అదే డీసీఎంలో టమాటాల మధ్య కూర్చుని వస్తాను. స్వామి బావను మార్కెట్ దగ్గర ఉండమను. మంచి చొక్కా సంచిలో పెట్టుకుంటాను.

నీ ఉద్యోగానికి ముప్పు వస్తుందనిపిస్తే మార్కెట్ నుంచే వెనక్కి పోతాను. ఇది మాత్రం ఖరారు.

మీ అన్న,
వీరేశం


లింగంపల్లి,
18 అక్టోబర్ 2011.

అన్నా,

క్షేమంగా చేరావని డీసీఎం డ్రైవర్ చెప్పాడు. చెవి దగ్గర దురద తగ్గిందా? నాలుగు రోజులు అలాగే ఉంటుందని డాక్టరమ్మ అంది. మరీ గోకకు.

ఆ రోజు జరిగిన దాంట్లో సగం నీకు తెలియదు. నీకు మిషన్ పెట్టింది పదకొండు గంటలకు. శ్రీనివాసరావు సార్ వచ్చింది పదింటికి. తర్వాత చెబుదామంటే నువ్వు ఫ్యాన్ చప్పుడు, చెప్పుల చప్పుడు వింటూ కూర్చున్నావు, కదిలించబుద్ధి కాలేదు. అందుకే రాస్తున్నాను.

సోమవారం నేను చెప్పినప్పుడు సార్ "విజిట్ విజిటే కదండీ" అని మాత్రం అన్నాడు. అందుకే శనివారం పోచమ్మకు పని అప్పజెప్పి, ఎవరికీ చెప్పకుండా నీతో కింద హాల్లో కూర్చున్నాను. ఆయన గబగబా వచ్చి వేలు చూపిస్తూ మాట్లాడుతుంటే నువ్వు లేచి చేతులు జోడించావు. "సార్, తప్పు నాదే. నేను పోత. మా చెల్లెనేమనకుండ్రి" అన్నావు. నీకు వినబడదు కాబట్టి గట్టిగా అన్నావు. హాలంతా తిరిగి చూసింది.

ఆయన అన్నది ఇది అన్నా. ఒక్క మాట మార్చకుండా రాస్తున్నాను. "ముందు ఆయన్ని కూర్చోబెట్టండి కళ్యాణి గారూ. చేతులు దించమనండి, నాకు ఇబ్బందిగా ఉంది. రెండు పుస్తకాలు పెట్టించింది నేనే కదండీ. నా బల్ల నీట్‌గా కనబడాలని మీ పని చెడగొట్టాను. పైన ఆరు అంతస్తులూ నేను తిప్పి చూపిస్తాను. మీరు ఇక్కణ్ణుంచి కదిలారంటే ఊరుకోను." వేలు చూపించింది నీ కుర్చీ వైపు, గేటు వైపు కాదు.

బయట రోడ్ల మీద ఆంధ్ర వాళ్లు, తెలంగాణ వాళ్లు అని రోజూ వింటున్నాం. తెలంగాణ రావాలనే నేనూ అనుకుంటున్నాను, ఆయనకూ తెలుసు. అయినా ఆ పూట ఆయన నా చీపురు పట్టుకున్నాడు. ఉత్త మాటకు అనడం లేదు, నాలుగో అంతస్తులో నీళ్లు ఒలికితే నిజంగానే ఆయన తుడిచాడట. ఎలా తుడవాలో పోచమ్మ పక్కనుండి నేర్పిందట.

నీకు కూడా చెప్పాలి. ఎదురుగా కూర్చుంటే చెప్పలేను, నువ్వు మాట మారుస్తావు. ఆ ప్రెస్సు చప్పుడు నీకు ఇష్టమని రాశావు. నిజమో, నన్ను ఊరడించడానికో నాకు తెలియదు, అడగను. నేను పది చదివాను, ఉద్యోగం చేస్తున్నాను, నా కూతురు బూట్లు వేసుకుని బడికి పోతోంది. అదంతా నీ వల్లే. నీకు దండం పెడుతున్నాను. ఇంత చిన్న మాట రాయడానికి ఏడు పుస్తకాలు పట్టింది.

కొత్త పుస్తకం హడావుడిలో మరిచి వచ్చావు. ప్రస్తుతానికి బంగారు డైరీలోనే ఆరో అంతస్తు పక్కన చింతపండు రాస్తున్నాను. సార్ చూశాడు. పోతూ పోతూ, "మీ అన్నయ్య గారు నాకూ ఒకటి కుట్టిస్తారేమో అడగండి" అన్నాడు.

నీ చెల్లె,
కళ్యాణి


వికారాబాద్,
31 అక్టోబర్ 2011, సోమవారం.

చెల్లే,

సమ్మె ఆగింది, బస్సులు తిరుగుతున్నాయి, కరెంటు వస్తోంది. తెలంగాణ ఇంకా రాలేదు. వస్తుంది. అది కూడా మనం సోమవారం సోమవారం రాసుకునే పనిలాంటిదే అని గోవిందప్పతో అంటే, ఆయన రెండుసార్లు తలూపాడు.

మిషన్ బాగుంది. అన్నీ వినబడవు. కొన్ని వినబడకపోయినా బాగుండేదనిపిస్తోంది. షెడ్డులో ఇనుము చెక్కే నా లేత్ ఇంత దరిద్రంగా మోగుతుందని తెలియదు, వెంటనే బేరింగ్ మార్చాను. మన వీధిలో కుక్కలు ఎన్ని ఉన్నాయో ఇప్పుడే తెలిసింది.

ఒక సంగతి నీకు మాత్రమే రాస్తున్నాను. మీ వదిన పొయ్యి దగ్గర నిలబడితే ఆమె పెదవులు ఎప్పుడూ ఆడుతూ ఉంటాయి. తొమ్మిదేళ్లుగా నన్ను తిడుతోందనే అనుకున్నాను. తిట్టడానికి కారణాలు ఉన్నాయి కాబట్టి తలొంచుకుని తినేసి పోయేవాణ్ని. మొన్న మిషన్ పెట్టుకుని పీట మీద కూర్చుంటే తెలిసింది. పాడుకుంటోంది. బతుకమ్మ పాటలు. ఒకటి అయిపోతే ఇంకొకటి. ఎన్నేళ్ల నుంచి అని అడిగితే, "గప్పటి సంది పాడుతనే ఉన్న. నువ్వే ఎన్నడు తలెత్తి సూడకపోతివి" అంది. అన్నం వదిలేసి బయటకు వచ్చి కాసేపు నిలబడ్డాను. కళ్యాణీ, నీ మూడేళ్ల రాత నాకు ఇది తెచ్చిపెట్టింది. బాగుండు తల్లీ.

నువ్వు దండం పెడుతున్నానన్న ఉత్తరం చదివాను. మాట మార్చడం లేదు. దాచుకున్నాను.

వదిన ఫోన్ బాగయింది. నిన్న నువ్వు చేసినప్పుడు ఇద్దరం పదిసార్లు "హలో, వినబడుతుందా" అనుకున్నాం. నీ గొంతు విన్నాను, చిన్నప్పటిదే, కొంచెం లావైంది. ఆ తర్వాత నువ్వు తిన్నావా అన్నావు, నేను తిన్నానన్నాను, పెట్టేశాం. ఇక ఫోన్ ఉంది కదా, ఉత్తరాలు ఎందుకు అనిపిస్తుంది నీకు. నాకూ అనిపించింది. రాత్రంతా దిగులు పడ్డాను.

ఈ కట్టలో మూడు పుస్తకాలు ఉన్నాయి. నల్ల రెక్సిన్‌ది శ్రీనివాసరావు సార్‌కు. వాళ్ల ఇంట్లో సరుకులు కూడా అందులోనే రాయాలని చెప్పు, లేకపోతే తిరిగి ఇచ్చేయమను. రెండోది నీ ఏడో పుస్తకం. చివరి పేజీ చూసి మళ్లీ నాకు పంపు. 'అన్న చెవి' మీద స్టీలు స్కేలు పెట్టి గీత నేనే కొట్టాను. కిందున్న మాట చదవడానికి వస్తుంది, నీకు నేర్పింది అలాగే కదా.

ఎర్రది నీ కొత్త పుస్తకం. మొదటి పేజీలో ఒక పని నేనే రాసి పెట్టాను. దాని కింద నీ ఆరో అంతస్తూ, నీ చింతపండూ రాసుకో. 'అన్నకు ఉత్తరం రాయాలి' అని ఉంటుంది. రాసినా సరే, దాని మీద గీత కొట్టకు. ప్రతి సోమవారం పక్క పేజీకి తెచ్చుకో.

మీ అన్న,
వీరేశం